స్వరప్రస్తారము – ఎట్టయపురము

విరుదునగరం నుండి దక్షిణంగా బయలుదేరిన బాటసారి సాత్తూరు దాటి కోవిల్పట్టి చేరుకుంటాడు. అక్కడి నుండి తూర్పుగా సుమారు 15 కిలోమీటర్లు పోతే ఎట్టయపురం వస్తుంది. ఆ పేరు వినగానే తమిళనాట ఎవరికైనా ముందుగా స్ఫురించేది 1882లో అక్కడ జన్మించిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి. అది న్యాయమే. అయితే అదే ఊరిలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, 1904వ సంవత్సరంలో ఒక తెలుగు గ్రంథం అచ్చయింది. రెండు సంపుటాలు, సుమారు 1700 పుటలు. గ్రంథం పేరు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. రచయిత ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు సుబ్బరామ దీక్షితులు. కృష్ణా గోదావరులకు ఎంతో దూరాన, పత్తి పండే ఈ నల్లరేగడి నేలపై ఇంతటి తెలుగు గ్రంథం వెలువడినదన్న సంగతి ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలలోనే చాలామందికి తెలియదు.

సంగీతజ్ఞులు ఆ గ్రంథాన్ని కృతుల కోసం తెరుస్తారు. గణితం చెప్పే ఉపాధ్యాయుడు తెరిస్తే అతని దృష్టి మరొకచోట నిలుస్తుంది. అందులోని రాగాలు అకారాది క్రమంలో లేవు. దేవతల పేర్లను బట్టియు లేవు. ఒకటి నుండి డెబ్బది రెండు వరకు సంఖ్యాక్రమంలో ఉన్నవి. ప్రతి సంఖ్యకు ఒక రాగాంగ రాగం, దాని క్రింద దాని సంతానమైన జన్యరాగాలు. పేరు చెబితే సంఖ్య తెలుస్తుంది, సంఖ్య చెబితే స్వరాలు తెలుస్తాయి. ఉన్నవాటిని ఒక నియమం ప్రకారం వరుసగా పేర్చి, లెక్కించి, ఎన్నవది ఏదో వెదకకుండానే చెప్పగలుగుట భారతీయ శాస్త్రాలలో పాత అలవాటు. దానికి పెట్టిన పేరు ప్రస్తారము. ఇంటర్మీడియట్ గణితంలో ‘ప్రస్తారాలు – సంయోగాలు’ అన్న అధ్యాయం చదివిన పూర్వ విద్యార్థులకు ఈ మాట కొత్త కాదు. కాని ఆ మాట పాఠ్యపుస్తకంలోకి ఎక్కడి నుండి వచ్చినదో పాఠ్యపుస్తకం చెప్పదు. ఒక దారి ఛందస్సు నుండి వచ్చింది. మరొక దారి సంగీతం నుండి వచ్చింది.

ఛందస్సు సంగతి తెలుగు చదివినవారికి సుపరిచితం గనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాదానికి ఇరవై అక్షరాలు గల వృత్తాలన్నింటినీ గురులఘువులను మార్చి మార్చి పేర్చితే 10,48,576 వరుసలు ఏర్పడతాయి. వాటిలో ఉత్పలమాల 3,55,799వది. వ్యాకరణ పండితులు ఈ సంఖ్యను వల్లె వేయించేవారు గాని, ఎందుకు ఆ సంఖ్య వచ్చినదో చెప్పినవారు తక్కువ. నిజానికి అది చాలా సులభం. మొదటి అక్షరం లఘువైతే 1, రెండవది లఘువైతే 2, మూడవది లఘువైతే 4, ఇట్లు రెట్టింపు చేసుకుంటూ పోయి లఘువులున్న చోట్ల అంకెలను మాత్రమే కూడి, చివర ఒకటి కలిపితే సరి. ఉత్పలమాల పాదాన్ని ఎవరైనా కాగితంపై పెట్టి చూసుకోవచ్చు.

స్వరాల విషయం ఇంతకంటె చిక్కైనది. ఛందస్సులో గురువు ఎన్నిసార్లైనా రావచ్చు, లఘువు ఎన్నిసార్లైనా రావచ్చు. స్వరప్రస్తారంలో మాత్రం ప్రతి స్వరం ఒక్కసారే రావాలి, ఏ స్వరమూ విడిచిపోరాదు. స రి గ మ ప ద ని అనే ఏడింటిని స్థానాలు మార్చి ఎన్ని విధాల పేర్చవచ్చును? పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవ ప్రభువైన సింఘణుని కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ మొదటి అధ్యాయంలోనే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినాడు. ఒక స్వరానికి ఒకే వరుస. రెండింటికి 2, మూడింటికి 6, నాలుగింటికి 24, ఐదింటికి 120, ఆరింటికి 720, ఏడింటికి 5040. క్రమం తప్పిన ఇట్టి వరుసలకు కూటతానాలని పేరు. మూర్ఛనలు 56 అని ఆయన లెక్క. ఒక్కొక్క మూర్ఛనకు 5040 చొప్పున సంపూర్ణ కూటతానాలు 2,82,240 అని కూడా చెప్పినాడు. ఇన్నింటిని పాడినవారు ఎవరూ ఉండరు. ఏడు అగ్గిపెట్టెలపై ఏడు స్వరాల పేర్లు వ్రాసి, నిమిషానికి ఒక వరుస చొప్పున నిద్రాహారాలు మాని మార్చుకుంటూ పోయినా ఒక్క 5040 పూర్తికావటానికి మూడున్నర రోజులు పడుతుంది. అగ్గిపెట్టెలకు కోవిల్పట్టిలోను, సాత్తూరులోను కొదవ లేదు; ఓపికకే కొదవ.

శార్ఙ్గదేవుని గొప్పతనం సంఖ్య చెప్పటంలో లేదు. నాలుగైదు వస్తువులకు ఎన్ని వరుసలో చెప్పటం ఆయనకు ముందే తెలిసిన విద్య. 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో నాలుగు చేతులలోని ఆయుధాలను మార్చుకుంటే విష్ణువుకు 24 రూపాలు, పది చేతులలోని ఆయుధాలను మార్చుకుంటే శివునికి 36,28,800 రూపాలు వస్తాయని లెక్క కట్టినాడు. శార్ఙ్గదేవుడు చేసినది వేరు. ఆ వరుసలన్నింటికి ఒక క్రమం విధించి, ఒక వరుస నుండి తరువాతి వరుసకు పోవు నియమం ఏర్పరచి, ప్రతిదానికి ఒక సంఖ్యను స్థిరపరచినాడు.

నియమం ఇది. స రి గ మ అనే సహజక్రమంలో ముందు వచ్చే స్వరాన్ని చిన్నదని, తరువాత వచ్చేదానిని పెద్దదని అనుకోవాలి. పై వరుసను ఎడమ నుండి చూడాలి. తనకు ఎడమవైపున తనకంటె చిన్న స్వరం గల మొదటి స్వరాన్ని గుర్తించి, దాని క్రింద ఆ చిన్నవాటిలో పెద్దదానిని వ్రాయాలి. దానికి కుడివైపున ఉన్నవాటిని ఉన్నట్లే క్రిందికి దింపుకోవాలి. మిగిలిన స్వరాలను ఎడమవైపు ఖాళీలలో సహజక్రమంలో నింపాలి. మూడు స్వరాలతో చేసి చూస్తే సరిగ, రిసగ, సగరి, గసరి, రిగస, గరిస అని ఆరు వరుసలు వస్తాయి. ఆరవ దానిలో ఏ స్వరానికీ ఎడమవైపున చిన్నది లేదు గనుక ప్రస్తారం అక్కడ ముగుస్తుంది.

నాలుగు స్వరాలు తీసుకున్నప్పుడు ఏమి జరుగుతుందో గమనించదగినది. మొదటి ఆరు వరుసలు పైన చెప్పినవే, ప్రతిదాని చివర ఒక మ చేరుతుంది, అంతే. ఏడవ వరుస సరిమగ. అక్కడి నుండి కొత్తవి మొదలవుతాయి. ఐదు స్వరాలకు పోతే మొదటి ఇరవై నాలుగు వరుసలు నాలుగు స్వరాలవే, చివర ప తోడుగా. అనగా మూడు స్వరాలకు ఒక పట్టిక, నాలుగింటికి మరొకటి, ఏడింటికి ఇంకొకటి అన్న భేదం లేదు. ఉన్నది ఒకే పట్టిక. చిన్న పట్టిక పెద్దదాని తలభాగంలో చెక్కుచెదరకుండా ఇమిడి ఉన్నది. స్వరాల స్థానంలో 1, 2, 3 అని సహజ సంఖ్యలు వ్రాసుకుంటే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది: 1 2 3, తరువాత 2 1 3, తరువాత 1 3 2, 3 1 2, 2 3 1, 3 2 1. స్వరాలు ఏడే గనుక శార్ఙ్గదేవుడు 5040 వద్ద ఆగినాడు. సంఖ్యలకు అట్టి హద్దు లేదు. ఎనిమిదిని చేర్చితే 40,320 వరకు, తొమ్మిదిని చేర్చితే 3,62,880 వరకు, అట్లే అంతులేకుండా పోవచ్చు. ప్రతి వరుసలోను కదిలినవి కొన్ని సంఖ్యలే. వాటి తరువాతివన్నీ తమ తమ స్థానాలలోనే ఉన్నట్లు భావిస్తే, ఇది సమస్త సహజ సంఖ్యల ప్రస్తారాలను ఒకదాని వెంట ఒకటిగా నడిపించే ఏకైక అనుక్రమం అవుతుంది. అమెరికాలో నీల్ స్లోన్ అనే గణితజ్ఞుడు 1964లో ఇట్టి అనుక్రమాలను పోగుచేయ మొదలుపెట్టి, 1973లో 2372 అనుక్రమాలతో ఒక నిఘంటువు వంటి గ్రంథం ప్రకటించినాడు. నేడు ఆ భాండాగారం లక్షల సంఖ్యకు పెరిగింది. శార్ఙ్గదేవుని వరుస కూడా, ఆయన పేరుతో కాకపోయినా, అందులో చోటు చేసుకున్నది.

ఆ వరుసలో దాగిన మరొక చిన్న అనుక్రమం పిల్లలకు చూపదగినది. ప్రక్కప్రక్కనున్న రెండు స్వరాలు మాత్రమే తారుమారై, తక్కినవన్నీ ఉన్నచోటనే ఉండే వరుసలు ఎన్నవ స్థానాలలో వస్తాయి? స, రి తారుమారైనది 2వది. రి, గ తారుమారైనది 3వది. గ, మ 7వది; మ, ప 25వది; ప, ద 121వది; ద, ని 721వది. చూపుకు అన్నీ ఒకే విధమైన స్వల్పమైన మార్పులే. కాని చివరి రెండు స్వరాలను మార్చటానికి ప్రస్తారం 720 వరుసలు ఆగుతుంది.

ఇక అసలు విషయం. ప్రస్తారాన్ని పలకపై వ్రాస్తూ ఉండగా నడుమ ఒక వరుస చెరిగిపోయిందనుకుందాం. దాని సంఖ్య తెలుసును, రూపం తెలియదు. దానిని తిరిగి రాబట్టే పద్ధతికి శాస్త్రకారులు పెట్టిన పేరు ‘నష్టం’, అనగా పోయినది. దీనికి ఎదురు ప్రశ్న ‘ఉద్దిష్టం’: వరుస ఎదుట ఉన్నది, అది ఎన్నవదో చెప్పవలెను. ఈ రెండింటి కొరకు శార్ఙ్గదేవుడు ఖండమేరువు అనే పట్టికను నిర్మించినాడు. అందులో ఏడు నిలువు వరుసలు. మొదటిదానిలో ఒకే గది, అందులో 1. రెండవదానిలో 0, 1. మూడవదానిలో 0, 2, 4. నాలుగవదానిలో 0, 6, 12, 18. ఐదవదానిలో 0, 24, 48, 72, 96. ఆరవదానిలో 0 మొదలు 120 చొప్పున పెరిగి 600 వరకు, ఏడవదానిలో 720 చొప్పున పెరిగి 4320 వరకు. ఒక్కొక్క నిలువు వరుస నుండి ఒక్కొక్క అంకెను ఎన్నుకొని కూడితే 1 నుండి 5040 వరకు ఏ సంఖ్యనైనా పొందవచ్చు. అదీ ఒకే ఒక్క విధంగా. అన్ని వరుసలలోను అట్టడుగు అంకెలను కూడి చూస్తే 1, 1, 4, 18, 96, 600, 4320 కలిసి సరిగా 5040 అవుతుంది.

డెబ్బది అయిదేండ్ల పండుగ సందర్భం గనుక 75వ కూటతానమేదో చూడటం సముచితం. 75ను ఖండమేరువులో విడగొట్టితే 72, 2, 1 వస్తాయి. తక్కిన నిలువు వరుసలలో సున్నలు. ఏడవ, ఆరవ వరుసలలో సున్న గనుక ని, ద తమ స్థానాలలోనే ఉంటాయి. ఐదవ వరుసలో 72 పైనుండి మూడు మెట్లు దిగువన ఉన్నది. కనుక మిగిలిన స రి గ మ ప లలో చివరి నుండి మూడు మెట్లు వెనుకకు పోతే రి. అది ఐదవ స్థానంలో నిలుస్తుంది. నాలుగవ వరుసలో సున్న. మిగిలిన స గ మ ప లలో చివరిదైన ప నాలుగవ స్థానానికి. మూడవ వరుసలో 2 అనునది ఒక మెట్టు. స గ మ లలో మ నుండి ఒక మెట్టు వెనుకకు పోతే గ. తరువాత సున్న గనుక మ, చివరకు మిగిలినది స. ఎడమ నుండి చదివితే స మ గ ప రి ద ని. వెనుకటి డెబ్బది నాలుగు వరుసలలో ఒక్కటైనా వ్రాయకుండానే ఇది తెలిసింది. 5040లో ఏది పోయినా ఇట్లే తిరిగి వస్తుంది.

1, 2, 6, 24, 120 అని పెరిగే అంకెలను ఆధారం చేసుకొని సంఖ్యలను వ్రాయు ఈ పద్ధతిని ఫ్రాన్సులో లెసాన్ అనే గణితజ్ఞుడు 1888లో వివరించినాడు. శార్ఙ్గదేవునికి ఇంచుమించు ఆరున్నర శతాబ్దాల తరువాత. ఎవరు ముందు అన్న వాదంతో ప్రయోజనం లేదు. ఇద్దరి అవసరాలు వేరు. ఇటు మనదేశంలో నారాయణ పండితుడు 1356లో రచించిన ‘గణిత కౌముది’లో సంగీతం నుండి ఈ విద్యను తీసుకొని, ఒకే అంకె పలుమార్లు వచ్చే వరుసలకు సైతం విస్తరింపజేసినాడు. ఇంగ్లండులో చర్చి గంటలు మ్రోగించేవారికి కూడా ఇదే సమస్య ఎదురైనది. ఏడు గంటలను ఏ వరుసా రెండవసారి రాకుండా 5040 విధాల మ్రోగించటం వారి సాధన. 1715 మే 2న నార్విచ్ నగరంలోని చర్చిలో దానిని పూర్తిగా నెరవేర్చినట్లు నమోదై ఉన్నది. అక్కడ బరువైన గంట ఒక్కసారిగా ఎక్కువ దూరం జరుగలేదు. ప్రతి మార్పులోను ఏ గంటయైనా తన ప్రక్క స్థానానికి మాత్రమే పోగలదు. కనుక వారి క్రమం శార్ఙ్గదేవుని క్రమం వంటిది కాదు. లెక్క ఒక్కటే, నడక వేరు.

దక్షిణదేశంలో ఈ అలవాటు మరొక రూపం తాల్చింది. తంజావూరును తెలుగు నాయక రాజులు ఏలుతున్న పదిహేడవ శతాబ్దంలో, మంత్రి గోవింద దీక్షితుల కుమారుడైన వెంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’ రచించినాడు. ఆనాడు వాడుకలో ఉన్న మేళాలు పంతొమ్మిది అని ఆయనే చెప్పినాడు. కాని ఉన్నవాటితో తృప్తిపడక, ఉండదగినవి ఎన్నియో లెక్కించినాడు. స, ప కదలవు. మ రెండు విధాలు. రి, గ లకు కలిపి నాలుగు స్వరస్థానాలు. వాటిలో రెండింటిని ఎన్నుకొనే విధాలు ఆరు. ద, ని లకు కూడా అట్లే ఆరు. రెండు, ఆరు, ఆరు గుణిస్తే 72. అంతకు మించి లేవు, తగ్గవు. పాడేవాడు లేని రాగానికి సైతం ఒక గది కట్టి ఉంచినాడు. ఇది సంగీతజ్ఞుని పని కంటె ప్రస్తారకర్త పని అని చెప్పవచ్చు. ఆ ఖాళీ గదులలో చాలావాటికి తరువాతి తరాల వాగ్గేయకారులు పాటలు సమకూర్చినారు.

ఈ 72లో కూడా నష్టోద్దిష్టాలున్నవి. రాగాల పేర్లను కటపయాది సూత్రానికి అనుగుణంగా దిద్దిన తరువాత, పేరులోని మొదటి రెండు అక్షరాలే సంఖ్యను చెబుతాయి. క నుండి, ట నుండి, ప నుండి, య నుండి అక్షరాలను ఒకటి రెండు అని లెక్కించి, వచ్చిన రెండంకెలను తిరగవేయాలి. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగవేస్తే 15. శాంతకల్యాణిలో శ 5, త 6, తిరగవేస్తే 65. ఇక 65 నుండి స్వరాలను రాబట్టాలంటే ముందు 36 తీసివేయాలి. తీసివేయగలిగినాము గనుక ప్రతిమధ్యమం. మిగిలిన 29లో ఆరు చొప్పున నాలుగు చక్రాలు పోగా అయిదవ చక్రంలో అయిదవది. అయిదవ చక్రానికి చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం. అయిదవ మేళానికి చతుశ్శ్రుతి ధైవతం, కాకలి నిషాదం. కల్యాణి స్వరాలు సిద్ధం.

72 అన్న సంఖ్య ఈ సీమవారికి మరొక విధంగా పరిచితం. విశ్వనాథ నాయకుని కాలంలో మదుర రాజ్యాన్ని డెబ్బది రెండు పాళెయాలుగా విభజించినారని చెబుతారు. ఎట్టయపురం పాళెయగాండ్రు తెలుగు మాట్లాడే కంబళ నాయకులు; తమ పూర్వులు చంద్రగిరి ప్రాంతం నుండి వచ్చినారని వారి వంశకథనం. మేళాల 72కు, పాళెయాల 72కు సంబంధం కల్పించటానికి కొందరు ఉత్సాహపడతారు. అట్టి సంబంధమేదీ లేదు. ఒకటి గుణకారం వలన వచ్చినది, రెండవది పరిపాలన వలన వచ్చినది.

వెంకటమఖి పరంపర ఎట్టయపురం చేరిన తీరు తెలుసుకోదగినది. ఆ పరంపరకు చెందిన వెంకట వైద్యనాథ దీక్షితుల వద్ద రామస్వామి దీక్షితులు విద్య నేర్చినారు. ఆయన కుమారులలో జ్యేష్ఠుడు ముత్తుస్వామి దీక్షితులు. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు కావటంతో ముత్తుస్వామి దీక్షితులు కూడా అక్కడికి వచ్చినారు. ఆ ప్రయాణంలో సాత్తూరు ప్రాంతాన వానలు లేక ఎండిన పొలాలను చూసి అమృతవర్షిణి రాగంలో ‘ఆనందామృతకర్షిణి’ కృతిని పాడగా వర్షం కురిసిందని సంప్రదాయ కథ. 1835లో దీపావళి నాడు ఎట్టయపురంలోనే ఆయన పరమపదించినారు. ఆయన సమాధి నేటికీ అక్కడ ఉన్నది.

అమృతవర్షిణికి స్వరాలు అయిదు: స గ మ ప ని. అయిదు స్వరాల ప్రస్తారంలో వరుసలు 120. అందులో మొదటిది సగమపని, చివరిది నిపమగస. తారషడ్జాన్ని ప్రక్కన పెడితే మొదటి వరుస ఆ రాగపు ఆరోహణ, నూట ఇరువదవ వరుస అవరోహణ. నడుమనున్న 118 వరుసలలో ఏది మరచిపోయినా ఖండమేరువు తిరిగి ఇస్తుంది. కాని దీక్షితుల కృతి ఆ 120లో ఎక్కడా లేదు. పాటలో ఒక స్వరం మరల మరల వస్తుంది, ఒకచోట నిలుస్తుంది, ఒకచోట కంపిస్తుంది, ఒకచోట జారుతుంది. వీటికి హద్దు గీసి వరుస కట్టిన ప్రస్తారం లేదు. వరుస లేనిచోట సంఖ్య లేదు. సంఖ్య లేనిచోట పోయినదానిని రాబట్టే ఉపాయం లేదు. గురువు కంఠం నుండి శిష్యుని చెవికి చేరకపోతే అది పోయినట్లే.

బాలుస్వామి దీక్షితులు తన కుమార్తె కుమారుని దత్తత తీసుకున్నారు. ఆయనే 1839లో తిరువారూరులో జన్మించిన సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు, వెంకటమఖి పరంపరలోని లక్షణగీతాలు, తానాలు, పూర్వుల వ్రాతప్రతులు ఆయన వద్ద ఉన్నవి. ఆ కాలంలో అట్టి సంపదను ఇంటి గడప దాటనిచ్చేవారు కారు. యోగ్యుడైన శిష్యునికి కూడా ఏండ్ల తరబడి సేవ చేసిన తరువాతనే దక్కేది. ఆ అలవాటును నేటివారు నిందించటం సులభం. సుబ్బరామ దీక్షితులు కూడా ఆ అలవాటులోనే పెరిగినవారు. మద్రాసులో కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేయటానికి 1890లలో పూనుకున్న చిన్నస్వామి మొదలియారు ఆయనను ప్రోత్సహించినారు. ఎట్టయపురం ప్రభువు జగద్వీర రామ వెంకటేశ్వర ఎట్టప్ప ముద్రణ భారం వహించినారు. అరవై దాటిన వయస్సులో దీక్షితులు తన ఇంటి పెట్టెను లోకానికి తెరిచినారు.

గ్రంథభాష తెలుగు. అది ప్రాంతాభిమానం వలన కాదు. ఆనాటి సంగీత విద్వాంసులకు, వారి మాతృభాష ఏదైనా, తెలుగు విద్యాభాష. కష్టం భాషలో లేదు, అచ్చులో వచ్చింది. స్వరాక్షరం ఒక్కటే వేస్తే అది ప్రస్తారంలోని వరుస వంటిదే అవుతుంది, పాట కాదు. అందుకని కంపితం, స్ఫురితం, జారు మొదలైన గమకాలకు ప్రత్యేక సంజ్ఞలు ఏర్పరచి, తెలుగు స్వరాక్షరాల నెత్తిన అచ్చు వేయించినారు. జిల్లా కేంద్రం కూడా కాని ఒక చిన్న సంస్థానంలోని అచ్చుకూటం 1700 పుటలు ఈ విధంగా కూర్చినదంటే, ఆ పనివారి పేర్లు తెలియకపోవటం విచారకరం. గ్రంథంలో ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 ఉన్నవి. ప్రతి రాగాంగ రాగానికి లక్షణశ్లోకం, గీతం, కృతులు, సుబ్బరామ దీక్షితులు స్వయంగా కూర్చిన సంచారి ఉంటాయి. 1వ రాగం కనకాంబరి, 72వది రసమంజరి. కటపయాది ప్రకారం లెక్కించి చూసుకోవచ్చు.

దీక్షితుల కృతులకు నేడు పాఠనిర్ణయం చేయవలసి వచ్చినప్పుడు విద్వాంసులు ముందుగా చూసేది ఈ గ్రంథమే. 1961 నుండి మద్రాసు మ్యూజిక్ అకాడమీ దీని తమిళ ప్రతిని సంపుటాలుగా ప్రకటించింది. 1973లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తెలుగు మూలాన్ని పునర్ముద్రించింది. కోవిల్పట్టి, సాత్తూరు, రాజపాళయం ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ, చదువుకు మాత్రం తమిళలిపిపై ఆధారపడే కుటుంబాలు వేలకొలది ఉన్నవి. తమ ఊరి ప్రక్కన అచ్చయిన పుస్తకాన్ని, తమ భాషలో ఉన్నదానిని, అక్షరాలు రాక చదువలేని స్థితి వారిది. తమిళ ప్రతి ఉండనే ఉన్నది గదా అనవచ్చు; సంగీతం నేర్వటానికి అది చాలును. కాని రామస్వామి దీక్షితుల రచన వంటిది కంటబడినప్పుడు తెలుగు రావటానికి, తెలుగు చదవ రావటానికి గల భేదం తెలుస్తుంది.

ఆ రచన నూట ఎనిమిది రాగాలు, నూట ఎనిమిది తాళాలతో తెలుగులో కూర్చిన రాగతాళమాలిక. కర్ణాటక సంగీతంలో అంత పొడవైనది మరొకటి లేదని ప్రసిద్ధి. మనుమడైన సుబ్బరామ దీక్షితులు దానిని ‘ప్రదర్శిని’లో చేర్చినారు. ఒకటి, రెండు, మూడు అని రాగాలు వరుసగా సాగుతాయి. అరవై ఒకటవ రాగం దగ్గర అది ఆగిపోతుంది. తక్కిన నలుబది ఏడు దొరకలేదు.

‘ప్రదర్శిని’ వెలువడిన మరుసటి ఏడాది, 1905లో, సుబ్బరామ దీక్షితులు తెలుగులోనే మరొక చిన్న పుస్తకం ప్రకటించినారు. అది పండితుల కొరకు కాదు. అప్పుడే స్వరాలు పట్టే పిల్లల కొరకు. దాని పేరు ‘ప్రథమాభ్యాస పుస్తకము’. 1906లో ఆయన మరణించినారు.